షష్ఠీ తత్పురుష ఇల్లు

మసిగూడెం మున్సిపాలిటీలో తను గీసిన ఇంటి ప్లాను ఇంతవరకు ఒక్కటి కూడా వెనక్కి రాలేదని ఓదెలు చెప్పుకునేవాడు. మామూలుగా చెప్పుకుంటే అతను ఓదెలు ఎందుకవుతాడు? తన గీత కనబడితే చాలు, ఆఫీసులో రబ్బరు స్టాంపు దానంతటదే లేచొచ్చి కాగితం మీద పడుతుందనీ, ఆఫీసరు సంతకం పెట్టబోయి, ఇంత చక్కటి ప్లాను మీద పిచ్చిగీత గీయడానికి మనసొప్పక ఓ నిమిషం ఆగుతాడనీ చెప్పేవాడు. దసరా వెళ్లాక ఒక పొద్దున అక్క సమ్మక్కకి కూడా ఇదే చెప్పి, ఆమె కట్టుకోబోయే ఇంటి ప్లాను పట్టుకెళ్లి ఆఫీసులో ఇచ్చాడు. ఆఫీసుకెదురుగానే ఉన్న తన ప్లాన్ల దుకాణానికి తిరిగొచ్చి టీ తాగుతున్నాడు. టీ పూర్తికాకముందే ప్లాను వెనక్కి వచ్చింది.

దాని మీద ఎర్ర సిరాతో ఇలా రాసి ఉంది: "ఉష్ణరక్షణ ఏర్పాట్లు శూన్యం. తిరస్కరించడమైనది."

మసిగూడెం ఎండ సంగతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. అది బొగ్గు గనుల ఊరు. కింద బొగ్గు, పైన సూర్యుడు, మధ్యలో జనం. ఆ ఊళ్లో మిద్దె మీద వడియాలు పెడితే ఎండటం అయిపోయి వేగడం మొదలుపెడతాయని పక్క ఊరివాళ్లు ఎగతాళి చేస్తారు. అది శుద్ధ అబద్ధం. నూనె లేకుండా వడియాలు ఎలా వేగుతాయి? మాడతాయి, అంతే.

అలాంటి ఊళ్లో సమ్మక్క మొగుడు మొగిలి రాత్రి షిఫ్టు చేస్తాడు. గనిలోంచి బొగ్గు టబ్బులను పైకి లాగే ఇంజను దగ్గర అతని డ్యూటీ. రాత్రంతా మీట పట్టుకుని కూర్చోవాలి, పగలంతా పడుకోవాలి. పడుకునేది అద్దె ఇంట్లో, రేకుల కింద. ఎండాకాలంలో తడి దుప్పటి కప్పుకుని కళ్లు మూసుకుంటే, కాసేపటికి ఆ దుప్పటి అప్పడంలా ఎండి కరకరలాడుతూ అతన్నే లేపుతుంది. పోయిన వేసవిలో నిద్ర చాలక ఒకసారి ఇంజను దగ్గర కునికాడు. పై అధికారి చూసి, ఇంకోసారి ఇలా అయితే ఎవడో ఒకడి ప్రాణం మీదికొస్తుందని హెచ్చరించాడు. అందుకని ఎండలు మళ్లీ ముదిరేలోపు సొంత ఇల్లు కట్టాలని సమ్మక్క పట్టుబట్టింది. తమ్ముణ్ని అడిగింది ఒక్కటే: "తమ్మీ, నీ బావకు పగటీలి నిద్రపట్టే అర్ర ఒక్కటి గీయి. కడమ ఇల్లంత నీ ఇష్టం."

ఓదెలు ఎంత గొప్పలు పోయినా పని వచ్చినవాడే. శ్రద్ధగా గీశాడు. గోడలు మందం. ఉత్తరానికీ దక్షిణానికీ ఎదురెదురుగా కిటికీలు. పడమర పక్క ఎండ గోడను తాకకుండా పొడుగాటి వసారా. పైకప్పు మీద వరసగా మట్టికుండలు బోర్లించి, పైన సున్నం. ఆ ఇంట్లోకి వేడి రావాలంటే దరఖాస్తు పెట్టుకుని రావాలి. అలాంటి ప్లాను వెనక్కి రావడమేమిటని ఓదెలు రోడ్డు దాటి ఆఫీసులోకి పోయాడు.

టౌన్ ప్లానింగ్ ఆఫీసరు పేరు వైకుంఠం. ఆయన మాట్లాడడు, జారీ చేస్తాడు. ఇంట్లో ఉప్పు చాలకపోయినా భార్యతో "తగు చర్య నిమిత్తం" అంటాడని ఆఫీసులో అనుకుంటారు. ఆయన ఓదెలు ముందు ఒక సర్క్యులర్ పెట్టాడు. ఇంధనం పొదుపు చేసే ఇళ్ల గురించి పై ఆఫీసు నుంచి ఇంగ్లీషులో వచ్చిన నియమాలను ఎవరో పుణ్యాత్ముడు తెలుగు చేశాడు. అందులో ఒక వాక్యం కింద వైకుంఠం సారు గీత గీసి పెట్టుకున్నాడు: "కొత్తగా కట్టు ప్రతి గృహమునకు తగిన ఉష్ణరక్షణ ఉండవలెను."

ఉష్ణరక్షణ అంటే వేడి లోపలికి రాకుండా కాపాడుకోవడం కదా, తను చేసింది అచ్చంగా అదే కదా అని ఓదెలు వినయంగానే అడిగాడు.

వైకుంఠం సారు కళ్లజోడు తీశాడు. "గోరక్షణ యనగానేమి? ఆవు లోనికి రాకుండ తలుపు వేసుకొనుటయా? వనరక్షణ యనగా అడవి నుండి పారిపోవుటయా? రక్షణ యనిన కాపాడుట. ఉష్ణరక్షణ యనిన ఉష్ణమును కాపాడుట. నీవేమి చేసినావు? దానిని నాలుగు దిక్కులకు తరిమినావు. చాలక పైన కుండలు బోర్లించినావు."

ఓదెలు పదో తరగతిలో తెలుగు పేపరు రెండుసార్లు రాసినవాడు. అందుచేత సమాసాలు అతనికి అందరికంటే బాగా గుర్తు. చోరభయం అంటే దొంగ యొక్క భయం కాదనీ, దొంగ వలన భయమనీ, అది పంచమీ తత్పురుష అనీ, ఉష్ణరక్షణ కూడా ఆ బాపతేననీ, ఉష్ణం వలన రక్షణ అని చెప్పుకోవాలనీ వాదించాడు.

"చోరుడు వ్యక్తి," అన్నాడు వైకుంఠం సారు. "ఉష్ణము వనరు. వనరునకు షష్ఠియే వర్తించును. ఉష్ణము యొక్క రక్షణ. మన పట్టణమునకు ప్రకృతి ధారాళముగా ప్రసాదించిన వనరు ఇది యొక్కటే. దీనిని వృథా పోనిచ్చిన ప్రజాధనము పోనిచ్చినట్లే."

ఓదెలు దుకాణానికి వచ్చి కాసేపు పళ్లు నూరాడు. తరవాత అతనికి నవ్వొచ్చింది. ఆ నవ్వే కొంప ముంచింది. సారు అడిగింది సారుకే ఇద్దామనుకున్నాడు. అది చూశాక ఆయన నవ్వాలి, లేదా కోప్పడాలి. ఏది చేసినా రూలెంత పిచ్చిదో ఆయనకే తెలిసొస్తుంది. పాత ప్లాను పాసవుతుంది.

కొత్త కాగితం పరిచాడు. ముందుగదిలో గోడకు చలిమంట పొయ్యి, దాని మీద పొగగొట్టం. గోడలు రెండు వరసలు, మధ్యలో సందు లేకుండా గొర్రెబొచ్చు గొంగళ్లు కూరాలి. ఇక్కడ ఓదెలుకు ఒక చిక్కొచ్చింది. గొంగడికి తత్పురుషలు తెలియవు. లోపలి వేడిని లోపల ఆపినట్టే బయటి వేడిని బయట ఆపేస్తుంది. అలా ఆపితే ఇల్లు చల్లబడి ఎగతాళి చెడిపోతుంది. అందుకని పడమటి గోడ మొత్తం అద్దం చేశాడు. ఒకటి కాదు, రెండు పొరల అద్దం. సాయంత్రపు ఎండ తిన్నగా లోపలికి వచ్చి కూర్చుంటుంది, తిరిగి పోవడానికి దారుండదు. ఉత్తరం కిటికీ, దక్షిణం కిటికీ కొట్టేశాడు. కప్పు ఏటవాలుగా పెట్టి, "మంచు జారిపోవుటకు" అని రాశాడు. గుమ్మం పక్కన మంచుబూట్లు విడిచే గూడు పెట్టాడు. ప్లాను అడుగున అందంగా ఒక వాక్యం రాశాడు: "ఒకసారి లోనికి ప్రవేశించిన ఉష్ణము యజమాని అనుమతి లేనిదే వెలుపలికి పోజాలదు."

వైకుంఠం సారు ఆ వాక్యాన్ని పైకి చదివాడు. ఆగి మళ్లీ చదివాడు. కళ్లజోడు తుడుచుకున్నాడు. ఓదెలు నవ్వు కోసం కాచుకుని నిలబడ్డాడు. సారు మాత్రం ఒకే ఒక్క అభ్యంతరం చెప్పాడు. కప్పు మీద నుంచి జారే మంచు పొరుగువారి స్థలంలో పడితే తగాదాలు వస్తాయి కాబట్టి వాలును సొంత పెరటి వైపు తిప్పాలన్నాడు. ఓదెలు అక్కడే పెన్సిలు తీసి తిప్పాడు. అప్పుడు నిజంగానే స్టాంపు దానంతటదే లేచొచ్చి పడినట్టయింది. పైగా ఆ ఇంటిని పట్టణానికే ఆదర్శ గృహంగా ప్రకటిస్తున్నట్టు సారు అక్కడికక్కడే జారీ చేశాడు.

ఓదెలు అప్పుడే నోరు తెరవాల్సింది. తెరుద్దామనే అక్క ఇంటికి వెళ్లాడు కూడా. తీరా వెళ్తే సమ్మక్క వాడకట్టు ఆడవాళ్లందరికీ తమ్ముడి గొప్ప చెబుతోంది. ఆఫీసరు కళ్లకు నీళ్లొచ్చినయట అంటోంది. ఆ మాటల మధ్యలో ఓదెలు తన మాట ఎక్కడ పెట్టాలో తెలియక చాయ్ తాగి వచ్చేశాడు. మసిగూడెంలో ప్లాను ఒకలా ఉంటుంది, ఇల్లు ఒకలా ఉంటుంది, కట్టేటప్పుడు మార్చుకోవచ్చులే అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

కానీ ఆదర్శ గృహమయ్యాక ఎవరు మారుస్తారు? పునాది నాటి నుంచీ మున్సిపాలిటీ మనిషి ఒకడు టేపు పట్టుకుని అక్కడే ఉన్నాడు. ఉత్తరం గోడలో మేస్త్రీ అలవాటు కొద్దీ చిన్న కిటికీకి చోటు వదిలితే, వేడి పారిపోయే దారి వదిలావని కేసు రాశారు. సమ్మక్క అనుమానంగా అడిగినప్పుడల్లా ఓదెలు ఏదో ఒకటి చెప్పేవాడు. పొయ్యిని దేవుని గూడన్నాడు. గోడల్లో గొంగళ్లు ఎందుకంటే, అది కొత్త పద్ధతి, పెద్ద ఊళ్లల్లో అందరూ ఇలాగే కడుతున్నారన్నాడు. మరీ గట్టిగా అడిగితే, "మున్సిపాలిటోల్ల రూలక్కా, నేనేం జేస్త," అన్నాడు. ఆ మాటలో సగం నిజముంది. ఓదెలు ఆ సగం మీద కూర్చుని నెలలు గడిపాడు.

ఈలోగా ఆదర్శం ఊరంతా పాకింది. ఆదర్శ గృహం ఒకటి తయారవుతున్నప్పుడు మిగతా ఊరు ఊరికే ఉంటే బాగుండదని మున్సిపాలిటీ ఉష్ణనష్ట నివారణ దళాన్ని పెట్టింది. సాయంత్రం వాకిట్లో నీళ్లు చల్లుకున్నవాళ్లకు "నిల్వయున్న ఉష్ణమును బుద్ధిపూర్వకముగా ధ్వంసము చేసినందుకు" నోటీసులొచ్చాయి. మిద్దెల మీద పడుకునేవాళ్లకు "శరీరోష్ణమును బహిరంగ ప్రదేశమున వదిలివేసినందుకు" వచ్చాయి. బస్టాండు ముందు వేపచెట్టుకు అనధికారికంగా నీడ కల్పిస్తున్నందుకు సంజాయిషీ అడిగారు. చెట్టు గడువులోగా జవాబివ్వలేదు. దాంతో ఏకపక్షంగా చర్య తీసుకుని కొమ్మలు కొట్టేశారు. వర్తక సంఘం వాళ్లు ఏటా పెట్టే చలివేంద్రం పేరులోనే చలి ఉందని దళం కనిపెట్టింది. దాన్ని ఉష్ణవేంద్రంగా మార్చి, బాటసారులకు ఉచితంగా వేన్నీళ్లు పోయించింది. వేన్నీళ్లు వేరే కాచనక్కర్లేదు, కుండను ఎండలో పెడితే చాలని వైకుంఠం సారు చెప్పి, ఇంధనం పొదుపంటే ఇదేనని అందరికీ చూపించాడు.

ఏప్రిల్లో ఉష్ణరక్షణ వారోత్సవాలు జరిగాయి. బడిపిల్లలు "వేడిని మనం కాపాడితే, వేడి మనల్ని కాపాడుతుంది" అని అరుస్తూ ఊరేగింపు తీశారు. కొందరు సొమ్మసిల్లితే, అది వేడి తన వంతు పని మొదలుపెట్టినందుకు గుర్తని సభలో చెప్పారు. అదే సభలో ఓదెలుకు సన్మానం. సన్మానమంటే శాలువా ఉండాలి. ఉష్ణరక్షణ సన్మానం కాబట్టి అసలు ఉన్ని శాలువా ఉండాలి. మున్సిపాలిటీ తరఫున ఒకటి, వర్తక సంఘం తరఫున ఒకటి, గొంగళ్లు నేసేవాళ్ల తరఫున ఒకటి, ఒకదాని మీద ఒకటి కప్పారు. మిట్టమధ్యాహ్నం అన్నింటినీ కప్పుకుని కూర్చున్న ఓదెలు ముఖం నిండా ధారలు కట్టిన చెమటను చూసి, ఆనందబాష్పాలనుకుని జనం చప్పట్లు కొట్టారు. చిత్రమేమిటంటే అతనికి నిజంగానే ఆనందంగా ఉంది. ఆ రోజు నుంచి దుకాణం ముందు పొగగొట్టాల ప్లాన్ల కోసం వరస కట్టారు. "ఎంత మంచు ఓర్చుకునే కప్పు కావాలె?" అని అతను ముఖం మాడ్చకుండా అడిగేవాడు. వాళ్లు ఇంటికెళ్లి పెద్దవాళ్లతో ఆలోచించుకుని వచ్చి చెప్పేవాళ్లు.

ఒక్క మొగిలి కనిపించినప్పుడే ఓదెలు చూపు తప్పించేవాడు. మొగిలి కళ్లు బొగ్గుల్లో నిప్పుల్లా ఎర్రగా ఉండేవి. అతను ఎప్పుడూ నిలదీసేవాడు కాదు. మార్కెట్లో కనబడి, ఇల్లు ఎక్కడిదాకా వచ్చిందనీ, తన అర్రకు తలుపు పెట్టారా అనీ అడిగి, జవాబు వింటూ వింటూ నిలబడే కునుకు తీసేవాడు.

ఎండలు ముదిరేసరికి ఓదెలుకు భయం పట్టుకుంది. ఇల్లు పూర్తికావచ్చింది. బావ ఆ అర్రలో ఒక పగలు పడుకుంటే ఏమవుతుందో అతనికి తెలుసు. తన ఎగతాళిని ఒప్పుకోకుండానే ఇంటిని బాగుచేసే దారి వెతికాడు. అసలు తప్పంతా సమాసంలో ఉంది కాబట్టి సమాసాన్నే సరిదిద్దించాలనుకున్నాడు. ఉష్ణరక్షణ పంచమీయా, షష్ఠీయా తేల్చండని అర్జీ పెట్టాడు. విభక్తి మార్చే అధికారం తన స్థాయిలో లేదని వైకుంఠం సారు ఒక కమిటీ వేశాడు. హైస్కూలు తెలుగు పండితుడు సింగరాచార్యులు దానికి అధ్యక్షుడు, సారు సభ్యుడు, ఓదెలు విజ్ఞాపకుడు.

సింగరాచార్యులు మంచివాడు. జీవితమంతా ఎవరూ ఆయన్ని ఏ విషయంలోనూ తీర్పు అడగలేదు. అందుచేత దొరికిన తీర్పును తొందరగా వదులుకోవడం ఆయనకు ఇష్టం లేకపోయింది. రామబాణం నుంచి మొదలుపెట్టి, పాపభీతి మీదుగా, రాజపూజ దాకా వెళ్లాడు. ఒకే సమాసానికి రెండు విగ్రహవాక్యాలు పొసగడం భాషకు అలంకారమనీ, రెంటిలో దేన్ని వదులుకున్నా తెలుగుకు అన్యాయం చేసినట్టేననీ తేల్చాడు. ఓదెలు తల పట్టుకున్నాడు. వైకుంఠం సారు ముఖం మాత్రం వెలిగిపోయింది.

"అట్లయిన రెంటిని అమలుపరచుదము," అన్నాడు. "వేసవిలో షష్ఠీ తత్పురుష. చలికాలములో పంచమీ తత్పురుష."

అది తలకిందులు కదా, వేసవిలోనే కదా వేడి నుంచి కాపాడాల్సిందని ఓదెలు దాదాపు ఏడుపు గొంతుతో అడిగాడు.

సారు ఓపికగా వివరించాడు. వేసవిలో ఉష్ణం పుష్కలంగా ఉంటుంది కాబట్టి దాన్ని కాపాడటం సాధ్యం. చలికాలంలో ఉష్ణం ఉండదు కాబట్టి దాని బారి నుంచి ప్రజలను కాపాడటమూ సాధ్యమే. ఏ కాలంలో ఏది సాధ్యమో ఆ కాలంలో దాన్ని చేసి చూపించాలి. తిరగేస్తే రెంటిలోనూ విఫలమవుతాం. కార్యాలయం విఫలం కావడానికి విభక్తులు లేవు. సింగరాచార్యులు ఈ మాటకు పరవశించిపోయి, తను ఇన్నేళ్లూ పిల్లలకు వ్యాకరణం ఎందుకు చెప్పాడో ఈ రోజు అర్థమైందన్నాడు.

మే నెల నడిమధ్య, పొద్దెక్కుతుండగా సమ్మక్క గృహప్రవేశం పెట్టుకుంది. మొగిలి రాత్రి డ్యూటీ దిగి తిన్నగా అక్కడికే వచ్చాడు. ముందుగదిలో పాలు పొంగించడానికి సమ్మక్క గిన్నెను, తమ్ముడు దేవుని గూడన్న ఆ పొయ్యి మీదే పెట్టి, అగ్గిపెట్టె తేవడానికి పక్కగదిలోకి వెళ్లింది. తిరిగొచ్చేసరికి పాలు పొంగి ఉన్నాయి. నిన్న సాయంత్రం లోపలికొచ్చిన ఎండ ఇంకా ఇంట్లోనే ఉంది. పూజారి వేరే ఇంటికి వేళవుతోందని సంభావన కూడా మరిచిపోయి వెళ్లిపోయాడు.

అప్పుడు ఆదర్శ గృహాన్ని పరీక్షించడానికి వైకుంఠం సారు, సింగరాచార్యులు, వెనకాల దళం, ఆ వెనకాల సగం ఊరు వచ్చారు. తలుపులు మూయించి, సారు కోటుతో సహా గది నడుమ కూర్చున్నాడు. చేతిలో ఉష్ణమాపకం. పాదరసం ఎక్కి, ఎక్కి, గొట్టం చివరికి వచ్చి ఇంక పోయే చోటు లేక ఆగిపోయింది. సింగరాచార్యుల నామం కరిగి ముక్కు మీదుగా గడ్డం దాకా వచ్చి, తెలుగు అక్షరమేదో రాయబోయి ఆగినట్టయింది. సారు మాత్రం కదలలేదు. తలుపులు తీయించి, ఆవిర్లు కక్కుతూ బయటి గుమ్మంలో నిలబడి, రక్షణ సంపూర్ణమని ప్రకటించాడు.

ఆ ప్రకటన వింటూనే మొగిలి తన అర్రలోకి పోయాడు. చాప పరిచాడు. కాసేపటికి బయటికొచ్చాడు. చాప చేతిలోనే ఉంది. అతని చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. అతను ఎవరివైపూ చూడకుండా మెల్లగా అడిగాడు, ఈ అర్రలో కిటికీ ఎక్కడుందని.

సమ్మక్క తమ్ముడి వైపు తిరిగింది. ఓదెలు అలవాటైన సగం నిజాన్ని అందుకున్నాడు, మున్సిపాలిటీ వాళ్ల రూలని. ఆ మాట వైకుంఠం సారు చెవిన పడింది. ఒకరి గొప్పను కార్యాలయం కాజేసిందన్న అపవాదు ఆయన భరించలేడు.

"అది సరికాదు," అన్నాడు అందరికీ వినబడేలా. "నియమమునందు ఉష్ణరక్షణ యను ఒక్క పదమే కలదు. ఈ పొయ్యి, ఈ గొంగళ్లు, ఈ పడమటి అద్దము, ఈ మంచువాలు, సర్వము ఈ యువకుని స్వయంప్రతిభ. ఎవరును ఇతనిని కోరలేదు. కార్యాలయమునకు ఇందులో ఏ పాత్రయు లేదు."

"తమ్మీ," అంది సమ్మక్క. గొంతు పెంచలేదు. "కిటికీలు తీసేయిమని నీకెవలు జెప్పిన్రు?"

ఓదెలు ఇంజినీర్లన్నాడు. ఏ ఇంజినీర్లని ఆమె అడిగింది. సర్క్యులర్లో బొమ్మ ఉందన్నాడు. చూపించమంది. వాస్తు అని మొదలుపెట్టి, అక్క ముఖం చూసి మధ్యలో వదిలేశాడు.

మొగిలి చాపను గోడకు ఆనించాడు. "మొన్న మల్ల కునికినరా ఓదెలూ," అన్నాడు. "ఎవలికి జెప్పలే, మీ అక్కకు గుడ. టబ్బులు ఆగాల్సిన కాడ ఆగలే. టబ్బుల కాడ పనిజేసే పోశాలు కాలు గుంజుకున్నడు గనుక బతికిండు. కొత్తిల్లు అయితది, నిద్రపడ్తదని రోజులు లెక్కవెట్టుకుంటున్న."

చెమట ఎక్కువైందో ఇంకేమైందో, ఓదెలు ముఖం మళ్లీ సన్మానం నాటి లాగే ధారలు కట్టింది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"ఎగతాళికి గీసిన, బావా," అన్నాడు. "గింత పిచ్చి ప్లాను జూస్తే రూలెంత పిచ్చిదో సారుకు ఎర్కయితదనుకున్న. సంతకం వెడ్తడనుకోలే."

జనంలో ఒక కదలిక వచ్చింది. పొగగొట్టాల ఇళ్లు మొదలుపెట్టినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వైకుంఠం సారు చెయ్యెత్తి ఆపాడు. ఇది ఎగతాళి అయిన పక్షంలో దీన్ని ఆమోదించిన కార్యాలయం ఏమవుతుందో ఆలోచించమన్నాడు. కార్యాలయం అలా కాజాలదు. కాబట్టి ఇది ఎగతాళి కాదు. సింగరాచార్యులు తర్కం నిర్దుష్టంగా ఉందన్నాడు.

"మరి సంతకం అయినంక?" మొగిలి సారు వైపు చూడనే లేదు. "అప్పుడెందుకు జెప్పలే?"

ఓదెలు చాలా చిన్నగా, "శాలువలు కప్పిన్రు," అన్నాడు.

పెరట్లో మేస్త్రీలు వదిలేసిన గడ్డపార ఉంది. సమ్మక్క వెళ్లి దాన్ని తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది. ఎక్కడ కొట్టాలో ఓదెలుకు ఎవరూ చూపించనక్కర్లేదు. అర్రలోకి పోయి ఉత్తరం గోడ మీద మొదటి పోటు వేశాడు. దళం వాళ్లు అడ్డం రాబోయారు. ఆ వేడిలోకి రావడానికి ఏ ఒక్కరికీ కాళ్లాడలేదు. గుమ్మంలోనే ఆగి, రక్షిత ఉష్ణానికి హాని కలుగుతోందని అక్కడి నుంచే హెచ్చరించారు. ఓదెలు వినిపించుకోలేదు. ఇటుకలు రాలాయి, గొంగళ్లు ముక్కలు ముక్కలుగా ఊడొచ్చాయి. ఇంకో పోటుకు అవతలి వెలుగు కనబడింది. చీపురుపుల్ల కదిలేంత గాలి, మే నెలకు అది చాలా ఎక్కువే, ఆ కంతలోంచి లోపలికి దూరింది.

దక్షిణం గోడకు కూడా కంత పడేసరికి మొగిలి ఆ రెండింటికీ మధ్యన, ఇటుక పొడి మీదే చాప పరిచి ఒరిగాడు. గడ్డపార చప్పుడు ఆగకముందే గురక మొదలైంది. సమ్మక్క గుమ్మంలో కూర్చుని, ఊడొచ్చిన గొంగడి ముక్కతో ఈగల్ని తోలుతోంది.

వైకుంఠం సారు ముక్కు మీద రుమాలు పెట్టుకుని లోపలికి వంగాడు. ఆమోదిత కట్టడాన్ని పగలగొట్టినందుకు కారణం నమోదు చేయాల్సి ఉంటుందనీ, ఏమని రాయాలనీ అడిగాడు.

ఓదెలు వేలు పెదాల మీద పెట్టి, బావ వైపు చూపించి, సారు చెవి దగ్గరికి జరిగాడు.

"రూలుకు ఇల్లు లేకుండె సార్," అన్నాడు గొంతు తగ్గించి. "ఊకే కాయితం మీద పడి ఉండె. దానికి ఇల్లు కట్టిచ్చింది నేనే, పలగొట్టింది గుడ నేనే. గదే రాసుకోండ్రి."